టార్గెట్లు వేసేశాం

జూన్ 3

పిన్నీ,

ముందుగా నువ్వెలా ఉన్నావని అడగాలట. అడిగాను. ఇక అసలు సంగతి.

ఆగస్టు రెండో వారంలో మా బడిలో ప్రదర్శన పెడుతున్నారు. తలా ఒక విషయం తీసుకుని అందరి ముందూ మాట్లాడాలి. సైన్సు టీచరు చీటీలు తీయించింది. నాకేం వచ్చిందో చెప్పుకో చూద్దాం. "డ్రోన్లు: చరిత్ర, ఉపయోగాలు"! క్లాసులోనే గంతేశాను. కూర్చోమంది, కూర్చోలేకపోయాను. మా పిన్ని డ్రోన్ పైలట్ అని గొప్పలు కూడా పోయాను. వెనక బెంచీ పొడుగుది "అయితే మీ పిన్నికి యూనిఫాం ఉంటుందా?" అంది. ఉంటుందనేశాను. ఉందా?

ఇంటికొచ్చి చెబితే అమ్మ మొహం ముడుచుకుంది. "సబ్బు ఎలా తయారవుతుందో చెప్పుకోకూడదూ? నలుగురికీ పనికొస్తుంది" అంది. చీటీ మార్చరమ్మా అంటే కుట్టుమిషన్ తొక్కుతూ కూర్చుంది. నీకు తెలుసుగా, ఊళ్ళో కుట్టుపని చేసేవాళ్ళందరూ కరెంటు మోటార్లు పెట్టించుకున్నా అమ్మది ఇప్పటికీ కాలిమిషనే. మోటారు రొద పడదంటుంది. మరి కాళ్ళ నొప్పులు పడతాయా అని అడిగితే చీపురు చూపిస్తుంది.

అందుకని అన్నీ నువ్వే రాయాలి. మొదటి డ్రోన్ ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఇప్పుడవి ఏమేం చేస్తాయి.

ఇంకో సంగతి. ప్రదర్శన అయ్యాక వచ్చే సెలవులకి ఆ కొండల్లో నీ క్యాంపుకి పంపడానికి అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోవడమంటే, అడిగినప్పుడు కాదనలేదు. నేను అప్పుడే సంచీ సర్దేశాను. రోజూ విప్పి మళ్ళీ సర్దుతున్నాను. నీకు ఫోను కలవదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను గానీ, ఇంత నత్తనడక ఇంకోటి లేదు.

త్వరగా, త్వరగా, త్వరగా రాయి.

నీ మిరపకాయ

———

జూన్ 12

మిరపకాయ్,

నీ ఉత్తరం నీళ్ళ లారీలో వచ్చింది. డ్రైవరు దాని మీదే కూర్చుని వచ్చినట్టున్నాడు, వెచ్చగా ఉంది. యూనిఫాం లేదమ్మా, బొత్తాలూడిన చొక్కా ఉంది. కావాలంటే పొడుగుదానికి అదే చూపించు.

నాది రేకుల గది. గాలి వస్తే పైకప్పు డోలు వాయిస్తుంది. గదిలో సగం బ్యాటరీలే. వాటిని చంటిపిల్లల్లా సాకాలి. ఎండ తగలకూడదు, చలి తగలకూడదు, వేళకి ఛార్జి పెట్టాలి. కుదురుగా కూర్చోవడం నాకూ రాదు కాబట్టి ఈ పని నాకు సరిపోయింది.

మొదటి డ్రోన్ ఎవరు చేశారంటే ఎవరూ తేల్చి చెప్పలేరు. నూట డెబ్భై ఏళ్ళకి పైగా వెనక్కి వెళితే, నీళ్ళ మధ్య కట్టిన ఒక నగరాన్ని ముట్టడించిన సైన్యం బెలూన్లకి బాంబులు కట్టి వదిలింది. మనిషి ఎక్కకుండా గాలిలోకి పని మీద పంపినవాటిలో అవి చాలా పాతవి. తీరా గాలి తిరిగింది. కొన్ని వెనక్కొచ్చి వదిలినవాళ్ళ నెత్తి మీదికే చేరాయి. నేనైతే దీంతోనే మొదలుపెడతాను, పిల్లలు నవ్వుతారు. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్ళకి ఒకాయన హాల్లో నీళ్ళ తొట్టి పెట్టి, అందులో చిన్న పడవ వదిలి, తీగా గీగా లేకుండా రేడియోతో తిప్పి చూపించాడు. జనం నమ్మలేదు. లోపల తర్ఫీదిచ్చిన కోతి ఉందన్నారట.

నాకు బాగా ఇష్టమైంది మందుల షాపాయన కథ. ఆయన దగ్గర మందులు మోసే పావురాలుండేవి. ఒకటి పొగమంచులో తప్పిపోయి, కొన్ని వారాలకి బాగా తిని బలిసి తిరిగొచ్చింది. ఇన్నాళ్ళూ ఇదెక్కడ తిరిగిందని ఆయనకి ఒకటే తహతహ. పావురం రొమ్ముకి కట్టేంత బుల్లి కెమెరా తయారుచేశాడు. మీ అమ్మ కూడా అంతే. చిన్నప్పుడు నేను ఆలస్యంగా వస్తే ఎక్కడెక్కడ తిరిగానో కూపీ లాగేది. కెమెరా ఒక్కటే తక్కువ.

సెలవులకి తప్పకుండా రా. ఇక్కడ పని జోరుగా ఉంది. ఇవాళ పొద్దున నేనూ గడ్డం ఇంజనీరూ లోయలోకి దిగి టార్గెట్లన్నీ వేసేశాం. మధ్యాహ్నం పైకి ఎగరేసి ఊరు మొత్తం షూట్ చేసేశాను. రెండు మాత్రం మిస్సయ్యాయి. రేపెళ్ళి వాటి సంగతి చూడాలి. నువ్వొస్తే నీ చేత కూడా ఓ రెండు వేయిస్తాను.

లారీ హారన్ కొడుతోంది.

పిన్ని

———

జూన్ 22

పిన్నీ,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. బెలూన్ల దగ్గర నవ్వింది. పావురం దగ్గర ఇంకా నవ్వి, "దానికి ఇంకా నోటి దురుసు పోలేదు" అంది. నేను హుషారుగా చదువుకుంటూ పోయాను. టార్గెట్లన్నీ వేసేశాం, ఊరు మొత్తం షూట్ చేసేశాను. అక్కడ మిషన్ ఆగిపోయింది.

"మళ్ళీ చదువు" అంది.

మళ్ళీ చదివాను, నా చేత కూడా ఓ రెండు వేయిస్తానన్నదాకా. అమ్మ అరవలేదు. లేచి వెళ్ళి నా సంచీలో బట్టలన్నీ తీసి బీరువాలో పెట్టేసింది. "నువ్వెక్కడికీ వెళ్ళట్లేదు" అంది.

నేను ఏడ్చాను, అన్నం తిననన్నాను, నేల మీద దొర్లాను కూడా. అప్పుడు చెప్పింది. తాతయ్య యుద్ధంలో పోయాడని నాకు తెలుసు, ఎలాగన్నది ఎవరూ చెప్పలేదు. అప్పుడు అమ్మకి నా వయసేనట. నీకింకా నడక రాలేదట. ఇంటి మీద తేనెటీగలు గింగురుమన్నట్టు ఒకటే రొదట, రోజుల తరబడి. ఆ పైలట్ లేని విమానం కంటికి కనబడేది కాదట, చెవికి వినబడేదట. పైనుంచి ఎవరో చూస్తున్నారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారట. ఒకరోజు అది ఆగిపోయింది. బతికిపోయామనుకుని తాతయ్య విరిగిన కిటికీ తలుపు బిగిద్దామని బయటికెళ్ళాడు. చూడాల్సింది చూసేసింది కాబట్టే వెళ్ళిపోయిందని ఎవరికీ తెలీదు. బాంబులు పడుతుంటే అమ్మ నిన్నెత్తుకుని మెట్ల కింద దూరింది.

"అది నా ఒళ్ళోనే ఉంది. ఏడవకుండా నోరు మూశాను. ఇప్పుడదే వెళ్ళి, వాటితోనే..." అని ఆపేసింది.

నువ్వు మనుషుల్ని కొడుతున్నావా, పిన్నీ? అవునో కాదో చెప్పు. పావురాల కథలు వద్దు.

మిరపకాయ

———

జూలై 2

మిరపకాయ్,

కాదు. కాదు. కాదు.

ఏమే, బుద్ధుందా మీ ఇద్దరికీ? టార్గెట్ అంటే గుడ్డ! నలుపూ తెలుపూ గళ్ళ గుడ్డ. దాన్ని నేల మీద పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టడాన్నే మా భాషలో టార్గెట్ వేయడం అంటాం. ఆ చోటు కచ్చితంగా ఎక్కడుందో ముందే కొలిచి పెట్టుకుంటాం. పైనుంచి తీసిన ఫొటోల్లో ఆ గళ్ళు కనబడితే, వాటిని పట్టుకుని ఫొటోలన్నీ ఒకదానికొకటి అతికి పటం తయారవుతుంది. షూట్ చేయడమంటే ఫొటోలు తీయడం. మిస్సయిన రెండు గుడ్డల్నీ మేకలు నమిలేశాయి. నువ్వొస్తే నీ చేత రాళ్ళు మోయిద్దామనుకున్నాను, అంతే. "వేసేశాం" అన్నదానికి గూండాల భాషలో ఇంకో అర్థముందని రాసేటప్పుడు నాకు తట్టలేదు.

మా మాటలన్నీ ఇలాగే ఉంటాయి, ఎందుకంటే వీటి పుట్టిల్లు అదే. ఇది నీ ప్రదర్శనకి రాసుకో. ఒక మహాయుద్ధం చివర్లో పైలట్ లేని చిన్న విమానం ఒకటి చేశారు. ఇంజను ఇన్ని చుట్లు తిరిగాక రెక్కలు ఊడిపోయి, బాంబుతో సహా కూలిపోవాలి. దాన్ని వాడేలోపే యుద్ధం అయిపోయింది. తర్వాత ఫిరంగులవాళ్ళు గురి నేర్చుకోవడానికి రేడియోతో నడిచే ఖాళీ విమానాల్ని ఎగరేశారు. నిజం విమానాన్ని కొడితే లోపల మనిషి చస్తాడు కదా. అలాంటి ఒకదానికి రాణీ ఈగ అని పేరు పెట్టారు. దాన్ని చూసే మిగతావాటికి డ్రోన్, అంటే మగ తేనెటీగ, అనే పేరు వచ్చిందంటారు. కొత్త కోడలు పుట్టింటి యాస వదలనట్టు, పొలానికి మందు చల్లే డ్రోన్ మోసే డబ్బాని కూడా మేం, బాంబుల బరువుని అన్నట్టు, పేలోడ్ అనే అంటాం.

మరి నేనేం చేశానో కూడా విను. గాలిమరల రెక్కలకి పగుళ్ళున్నాయేమో చూశాను. ఇదివరకు దానికి మనిషి తాడు కట్టుకుని వేలాడేవాడు. పొలాలకి మందు చల్లాను. ఒక దేశంలో ముసలి రైతుల కోసం నలభై ఏళ్ళ కిందటే దానికి బుల్లి హెలికాప్టర్లు చేశారు. వరదొచ్చినప్పుడు ఒంటి వేడిని పట్టే కెమెరాతో వెతికితే చెట్టు కొమ్మల్లో ఒక తల్లీ బిడ్డా కనబడ్డారు. పడవవాళ్ళకి దారి చెప్పింది నేను. కొండ ఆసుపత్రులకి రక్తం మోసుకెళ్ళే డ్రోన్లున్నాయి, అడవిలో జంతువుల్ని లెక్కపెట్టేవి ఉన్నాయి. అక్క ఇవేవీ అడగలేదు.

ఇప్పుడు చేసేది రోడ్డు పటం. లోయలో ఊరికి రోడ్డు వేస్తారట. కాస్త చాదస్తపు పని. ఇంటింటికీ గుమ్మం ఏ వైపుందో, వెనక దారి ఉందో లేదో కూడా గుర్తు పెట్టమన్నారు. తెర ముందు వంగి వంగి మెడ పట్టేస్తోంది.

అక్క నన్నెత్తుకుని మెట్ల కింద దాక్కుందని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. నాన్న గురించి ఎప్పుడడిగినా "తర్వాత చెప్తాలే" అనేది. ఆ "తర్వాత" రానే లేదు. నన్ను హంతకురాలనుకోవడానికి మాత్రం ఒక్క నిమిషం చాలింది. నాకు ఏడుపొచ్చింది, మిరపకాయ్.

ఒక టార్గెట్ పార్సిల్లో పంపుతున్నాను. అక్కకి చూపించు.

పిన్ని

———

జూలై 13

పిన్నీ,

పార్సిల్ అందింది. అమ్మ గుడ్డని అటు తిప్పి ఇటు తిప్పి "ఇదా టార్గెట్?" అంది. అంచు తడిమి చూసి "దీన్ని ఎవరు కుట్టారు, చేత్తోనా కాలితోనా?" అంది. కుట్లు విప్పి మళ్ళీ రెండు వరసలు వేసింది. ఇప్పుడు నీ మేకలు నమిలినా ఊడదు.

తర్వాత నీ ఉత్తరం చదివాను. వరదలో తల్లీ బిడ్డల దగ్గర తల వంచుకుంది. చివర్లో నువ్వు ఏడ్చావన్న దగ్గర లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. హమ్మయ్య అనుకుని నా సంచీ మళ్ళీ కిందికి దించాను. నీకింకో సంగతి చెప్పనా? నువ్వు ప్రదర్శనకి వస్తావేమోనని కుట్టుగదిలో గుడ్డల మూటలు జరిపి మంచం వేసింది. నాతో అనలేదు. నేనే చూశాను.

అన్నం తింటూ ఉన్నట్టుండి అడిగింది. "రోడ్డు వేసేవాళ్ళకి గుమ్మాలతో ఏం పని?"

నాకేం తెలుసన్నాను.

"వెనక దారిలోంచి వెళ్తుందా రోడ్డు? దాన్ని అడుగు."

అడుగుతున్నాను. మంచిగానే అడిగింది, పిన్నీ.

ఇక్కడ నాకు ఇంకో తలనొప్పి. టీచరు నా కాగితాల మీద ఎర్రగీతలు కొట్టి "యుద్ధం ముక్కలు తీసేసి ఉపయోగాలే చెప్పు" అంది. సగం కాగితం పోయింది. అవి లేకపోతే పేరెలా వచ్చిందో చెప్పేదెలా? కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే పరిగెత్తాలనిపిస్తోంది.

ప్రదర్శనకి వస్తావు కదూ?

మిరపకాయ

———

జూలై 20

మిరపకాయ్,

మొన్నటిదాకా హంతకురాలిని, ఇప్పుడు దొంగనయ్యానా? పటం చేయించుకునేవాళ్ళు సవాలక్ష అడుగుతారు. అవన్నీ ఎందుకని నిలదీయడానికి నేనేం పోలీసునా? నాకంటూ ఒక పని వచ్చింది. అందులో నేను మంచిదాన్నని నలుగురూ అంటున్నారు. అది కూడా నా చేతిలోంచి జారిపోయేదాకా మీ అమ్మకి నిద్రపట్టదు.

ప్రదర్శనకి రావడం కుదరదు. మిగతా చరిత్ర పుస్తకాల్లో చూసుకో.

ఇక్కడ గాలి ఆగడం లేదు. ఎగరేయడానికి లేదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతున్నాను.

పిన్ని

———

జూలై 27

పిన్నీ,

నీకు కోపం అమ్మ మీద, తిట్టింది నన్ను. నేను పోస్టుమాన్‌నా?

ఆ ఉత్తరం అమ్మకి చదవలేదు. ఏం రాసిందని అడిగితే "పనెక్కువగా ఉందట" అన్నాను. "గుమ్మాల సంగతి?" అంది. "ఏమీ రాయలేదు" అన్నాను. గొడవ తప్పిద్దామనే అన్నాను. అమ్మ ఇంకోలా అనుకుంది. "సమాధానం లేదంటే అదే సమాధానం" అని, వెళ్ళి నీ మంచం మడిచి గోడకి ఆనించేసింది. మూటలు మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేసింది.

నేను అబద్ధం చెప్పానని ఇప్పుడు చెప్పలేను, ఎందుకంటే నిజం ఇంకా చేదుగా ఉంది. నువ్వే ఏదో ఒకటి చెయ్. రేపు కాదు, ఇవాళే.

మిరపకాయ

———

ఆగస్టు 5

మిరపకాయ్,

తిట్టినందుకు నన్ను క్షమించు. కోపమొచ్చింది ఆ ప్రశ్న తప్పని కాదు, నేను వేసుకోలేదని. ఆ ప్రశ్న వచ్చిన రోజు నుంచీ ఏ ఇంటి మీద ఎగరేసినా నాకు గుమ్మమే కనబడింది. చివరికి మా క్యాంపు మేనేజరు టీ తాగుతుంటే వెళ్ళి అడిగాను.

"రోడ్డుకి గుమ్మాలెందుకు సార్?"

"రోడ్డు తర్వాతి సంగతమ్మా. ముందు పటం కొన్నవాళ్ళు అడిగింది ఇవ్వాలి."

"ఎవరు కొన్నారు?"

"నీ జీతం వేళకి వస్తోందా లేదా?"

మర్నాడు కొన్నవాళ్ళే వచ్చారు. జీపులో, యూనిఫాంలో, తుపాకులతో. సగం అయిన నా పటాన్ని బల్ల మీద పరిచారు. వాళ్ళలో ఒకాయన మహా మర్యాదస్థుడు. నన్ను మేడమ్ అన్నాడు, పటం అద్దంలా ఉందన్నాడు. పెన్సిలుతో ఒక ఇంటిని చూపించి "దీనికి వెనక దారి ఉందా మేడమ్?" అని అడిగాడు.

ఆ ఇల్లు నాకు తెలుసు. గుడ్డలు నమిలిన మేకలు ఆ ఇంటివే. ఆ ఇంటావిడ మేకల్ని తిట్టి, మాకు మంచినీళ్ళిచ్చి, ఇంకో గుడ్డ పరిస్తే దానికి తనే కాపలా కూర్చుంది. "ఇంకా చూడలేదు సార్" అన్నాను. చూశాను. ఉంది.

వాళ్ళు వెళ్ళాక గుమ్మాలు గుర్తుపెట్టిన పటాన్నీ, ఫొటోలన్నిట్నీ చెరిపేశాను. లోయలోకి నడిచి వెళ్ళి ఆవిడతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చాలాసేపు నా మొహంలోకి చూసింది. "అయితే నువ్వు పరిచిన గుడ్డకి నేనే కాపలా కాశానన్నమాట" అంది. తర్వాత ఆవిడ లోపలికి తిరిగి పిల్లల్ని పిలిచింది. నేను వెనక్కి వచ్చేశాను.

చెరిపేస్తే ఆగిపోతుందని నేననుకోవడం లేదు. ఇంకో పైలట్ వస్తాడు, వారం తిరక్కుండా అన్నీ మళ్ళీ తీస్తాడు. ఆ వారం రోజులే నేనివ్వగలిగింది. మేనేజరు నా గుర్తింపు కార్డు లాక్కున్నాడు. ఇకమీదట ఏ కంపెనీలోనూ నాకు పని దొరక్కుండా చేస్తానన్నాడు. చేస్తాడు కూడా. గడ్డం ఇంజనీరు నా మొహం కూడా చూడలేదు.

కొండ కింద టౌన్లో లాడ్జిలో ఉన్నాను. అడ్రసు కాగితం వెనక రాశాను. అక్క దగ్గరికి రావాలని ఉంది. ఏ మొహం పెట్టుకుని రావాలో తెలీదు. దీన్ని మాత్రం అక్కకి చదివి వినిపించు, ఒక్క ముక్క కూడా వదలకుండా. పోయిన ఉత్తరం కూడా.

పిన్ని

———

ఆగస్టు 13

పిన్నీ,

ఇవాళ ప్రదర్శన అయింది. బెలూన్లకి నవ్వారు, కోతికి పడీ పడీ నవ్వారు. రక్తం మోసే డ్రోన్ గురించి చెబితే చప్పట్లు కొట్టారు. టీచరు గీతలు కొట్టిన ముక్కలు కూడా చెప్పేశాను. రాణీ ఈగ, ఊడిపోయే రెక్కలు, అన్నీ. టీచరు మొహం ఎర్రగా అయింది గానీ ఆపలేదు. చివర్లో పొడుగుది లేచి "ఇంతకీ డ్రోన్ మంచిదా, చెడ్డదా?" అంది. ఎగరేసేవాళ్ళు ఎవరి కోసం ఎగరేస్తున్నారో తెలుసుకోవాలన్నాను. "ఎవరూ చెప్పకపోతే?" అంది. "చెప్పేదాకా అడగాలి" అన్నాను. టైమైపోయిందని గంట కొట్టేశారు.

ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం వచ్చింది. ముందు నేను దాచిన ఉత్తరం చదివాను. నేను చెప్పిన అబద్ధం ఒప్పుకుంటే అమ్మ రెండో ఉత్తరం తీయమంది. తర్వాత ఇది చదివాను, ఒక్క ముక్క కూడా వదల్లేదు. అమ్మ మిషన్ ముందు కూర్చుంది గానీ తొక్కలేదు. మేకలావిడ పిల్లల్ని పిలిచిన దగ్గర నా చెయ్యి పట్టుకుంది. అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు. చివరిదాకా వదల్లేదు.

నువ్వు చేసింది మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు.

"వాళ్ళు బయటపడ్డారా?" అని అడిగింది.

"ఉత్తరంలో లేదమ్మా."

"ఎంతమంది పిల్లలు? చంకనెత్తుకునేవాళ్ళున్నారా?"

"రాయలేదమ్మా."

"ఇంత రాసింది, అసలుది రాయలేదు" అని లేచింది. గదిలో అటూ ఇటూ తిరిగింది. కాగితం తెమ్మంది, పెన్ను తెమ్మంది, కూర్చుని రాయమంది. ఇప్పుడే, ఆలస్యం చెయ్యకుండా. తను నా వెనక నిలబడింది. నేను తేదీ వేసి "పిన్నీ" అని రాశాను. ప్రదర్శన సంగతులు రాస్తుంటే అవి తర్వాతలే అంది. వాళ్ళు ఎటు వెళ్ళారో, తోడు ఎవరున్నారో అడగమంది. అడగడానికి నేను పెన్ను ఎత్తాను.

అంతలో "వద్దు, ఆగు" అంది.

ఏమైందమ్మా అన్నాను.

"ఉత్తరంలో వద్దు. దాన్ని వచ్చి నాతో చెప్పమను."

నీ మిరపకాయ